బార్బడోస్‌కు మూడు బెల్లు

"వేళాంగణ్ణికా, తిరుపతికా?" తల ఎత్తకుండానే అడిగినాడు సెల్విన్.

"బార్బడోస్‌కు."

ఇప్పుడు తల ఎత్తినాడు. ఎదురుగా ఒక అమ్మాయి. మెడలో జాయ్స్ అని రాసున్న ఆఫీసు ట్యాగు, భుజానికి ల్యాప్‌టాప్ బ్యాగు, జడలో సగం ఊడిన క్లిప్పు. బెంగళూరు రైలు దిగి నేరుగా వచ్చినట్టుంది.

ఆండర్సన్‌పేటలో సెల్విన్ ట్రావెల్స్ అంటే ఒక టేబులు, రెండు కుర్చీలు, ఒక ప్రింటరు, బయట నిలబెట్టిన ఒక ఇన్నోవా. ఒక పక్క టైలరు, ఇంకో పక్క చికెన్ అంగడి. గోడ మీద ఇండియా మ్యాపు. ఇంతవరకు ఆ షాపుకు వచ్చినోళ్ళంతా ఆ మ్యాపు లోపలే తిరిగి వచ్చినారు.

"ఓ, బార్బడోస్. మంచి ప్లేసు మేడమ్," అన్నాడు సెల్విన్, చాలా నమ్మకంగా.

"యాడ ఉండాదో చూపించండి."

సెల్విన్ లేచి మ్యాపు దగ్గరికి పోయినాడు. వేలితో కర్ణాటక దాటినాడు, అరేబియా సముద్రం దాటినాడు. మ్యాపు అయిపోయింది. ఆగలేదు. గోడ మీదనే ఎడమకు జరుగుతా పోయి, స్విచ్‌బోర్డు దగ్గర వేలు పెట్టినాడు.

"సుమారుగా ఈడ."

జాయ్స్‌కు నవ్వొచ్చింది. మొదటి రోజే నవ్వితే అలుసైపోతాననుకొని దాన్ని దగ్గుగా మార్చేసింది. ఆఫ్రికా, దాని అవతల ఇంకో సముద్రం, అన్నీ కలుపుకుంటే ఈయన చెప్పిన దూరం తప్పు కూడా కాదు.

బ్యాగులోంచి ఒక కాగితం తీసి టేబుల్ మీద పరిచింది. పదకొండు కాలమ్స్. విమానాలు, హోటళ్ళు, బీచులు, వాన పడే నెలలు, ప్రతిదానికీ ఒక రంగు.

సెల్విన్ చదివినాడు. మళ్ళీ చదివినాడు. "అన్నీ మీరే చేసుకున్నారు కదా మేడమ్. ఇంగ నేనెందుకు?"

"నాకు మీరు అక్కర్లేదు. మా అప్పకు కావాల."

*

జాయ్స్ వాళ్ళ అప్ప, అంటే నాన్న, ప్రేమరాజు బంగారు గనిలో వైండింగ్ ఇంజిన్ డ్రైవరుగా చేసినాడు. గని మూసేసి ఇరవై ఏళ్ళు దాటినా ఊర్లో ఆయన ఇప్పటికీ వైండర్ ప్రేమరాజే. కేజ్ అనే ఇనుప పెట్టెలో మనుషులను ఎక్కించుకొని, తాడు మీద మైళ్ళ లోతుకు దించేది, షిఫ్టు అయినాక పైకి తెచ్చేది ఆయన పని. పైన ఇంజిన్ రూములో కూర్చున్నోడికి కింద ఏముందో కనబడదు. చెవికొచ్చే బెల్లే లెక్క. ఒకటి కొడితే ఆపాల. రెండు కొడితే దించాల. మూడు కొడితే, మనుషులు ఎక్కడానికి తయారుగా ఉన్నారని. అప్పుడు డ్రైవరు తిరిగి మూడు కొట్టాల. కొట్టేంతవరకు ఎవరూ కేజ్‌లో కాలు పెట్టకూడదు.

అట్లాంటి మనిషికి ఫోన్‌లో టికెట్ చూపిస్తే ఏమంటాడు?

"అవతల బెల్లు కొట్టే మనిషి ఉండాల పాపా. మనిషి ముఖం చూడకుండా నేను దేనికీ ఎక్కను."

అందుకని ఒక మనిషి కావాల్సి వచ్చింది. ఆ మనిషి సెల్విన్.

"సరే మేడమ్. కానీ గోవా ఉండాది, అండమాన్ ఉండాది. బార్బడోసే ఎందుకు?"

జాయ్స్ కొంచెం ఆలోచించింది, ఈ మనిషికి చెప్పచ్చా వద్దా అని.

"మా అప్పకు నైట్ షిఫ్టులు ఎక్కువ పడేవి. డ్యూటీకి పోయేముందు రేడియోలో క్రికెట్ వినేవాడంట. మ్యాచ్ బార్బడోస్‌లో. మన ఊర్లో చీకటి, ఆడ కామెంట్రీ చెప్పేవాడు ఎండ మండిపోతా ఉండాది అంటాడు. ఆ మాట మా అప్పకు పట్టుకుంది. నేను నైట్ షిఫ్టులో ఉన్నప్పుడు ఎండ కాసే ఊరు ఒకటి ఉండాది, దాన్ని ఒకసారి చూడాల అంటాడు. నేను పుట్టినప్పటి నుంచి అదే మాట. ఈ క్రిస్మస్‌కు మొదటిసారి, 'సరే, పోదాం' అన్నాడు."

సెల్విన్ సొరుగులోంచి ఒక ఎర్ర చుక్క స్టిక్కరు తీసి, స్విచ్‌బోర్డు పక్కన అంటించినాడు.

ఆ రోజు జాయ్స్ ఇంటికి పోతా పోతా, ఆ చుక్కను గురించి రెండుసార్లు ఆలోచించింది. మూడోసారి ఆలోచన వచ్చేలోపల ఇల్లు వచ్చేసింది.

*

మరుసటి శనివారం సెల్విన్ జాయ్స్ వాళ్ళింటికి వచ్చినాడు, పాస్‌పోర్టు ఫారాల మీద సంతకాలకు. వాకిట్లో తాడు కట్టిన ఇత్తడి గంట చూసి, ముచ్చటపడి నాలుగుసార్లు కొట్టినాడు.

"నాలుగు మా లెక్కలో లేదు," లోపల నుంచి వినబడింది. "ఎవరు నువ్వు?"

"ట్రావెల్స్ సెల్విన్ అంకుల్."

"ఇంటికొచ్చినోడు ఒకటి కొట్టి నిలబడాల. మళ్ళీ కొట్టు."

సెల్విన్ ఒకటి కొట్టి నిలబడినాడు. జాయ్స్ తలుపు తీసి, "తప్పించుకోలేరు. పోస్ట్‌మ్యాన్ కూడా నేర్చుకున్నాడు," అనింది.

ఆ ఇంట్లో ఇంకో పద్ధతి కూడా ఉంది. ఎవరన్నా ప్రయాణం పోతుంటే వాకిట్లో మూడు బెల్లు కొట్టాల. ఇంట్లో ఉండేవాళ్ళు తిరిగి మూడు కొట్టాల, గంట అందకపోతే గరిటెతో కిటికీ ఊచ మీద. బదులు రాకుండా గేటు దాటకూడదు. జాయ్స్ ఇంజనీరింగు చదివిన నాలుగేళ్ళూ, ఉద్యోగానికి రైలెక్కే ప్రతి పొద్దూ అదే. ఒకసారి వాళ్ళమ్మ ఇసబెల్లా దోసె తిప్పే పనిలో మూడోది కొట్టడం మరిచిపోయింది. జాయ్స్ గేటు దగ్గరే నిలబడి రైలు పోగొట్టుకుంది.

"మీరు పోవడం లేదా ఆంటీ?" అని సెల్విన్ అడిగినాడు.

"ఇరవై గంటలు విమానంలో కూర్చుంటే నా మోకాలు దానికి విడిగా సీటు అడుగుతుందప్పా. కోళ్ళను ఎవరు చూస్తారు? వాళ్ళు పోయి రానీ." ఇసబెల్లా టీ ఇచ్చి సెల్విన్ ఎదురుగానే కూర్చుంది. "ఆడ తినేకి ఏమి దొరుకుతుంది?"

"ఎగిరే చేప ఆంటీ. ఆ దేశంలో అదే ఫేమస్ అంట."

"ఎగిరేదా? ముళ్ళు ఎక్కువా?"

సెల్విన్ జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి 'ముళ్ళు, కనుక్కోవాల' అని రాసుకున్నాడు. జాయ్స్ చూసింది. నిజంగానే రాసుకున్నాడు.

సంతకాలు అయినాక ప్రేమరాజు నిదానంగా అన్నాడు: "ఎంతమందిని దించినానో, ఎంతమందిని తెచ్చినానో లెక్క లేదు సెల్విన్. నేను మాత్రం ఆ కుర్చీ దిగలేదు. విమానం పైకి పోయేటప్పుడు కడుపులో ఏమవుతాది?"

"నేనూ ఎక్కలేదంకుల్."

"ఎక్కకుండానే టికెట్లు అమ్ముతావా?"

"మీరు దిగకుండానే దించినారు కదా అంకుల్."

ప్రేమరాజు ఆయన్ను ఒక్క క్షణం చూసి, బిస్కెట్ల ప్లేటు ఆయన వైపు జరిపినాడు. ఆ ఇంట్లో అది చిన్న విషయం కాదు.

*

ఫిబ్రవరి అంతా ప్లానింగే. ప్రతి శనివారం సాయంత్రం జాయ్స్ షాపుకు వచ్చేది, సెల్విన్ పక్కంగడి నుంచి రెండు టీలు తెప్పించేవాడు.

"బార్బడోస్‌కు మనకు వీసా అక్కర్లేదు," అన్నాడు సెల్విన్. "కానీ లండన్‌లో విమానం మారాల. ఎయిర్‌పోర్టు దాటకపోయినా దానికి ఒక వీసా కావాల."

"అంటే పెళ్ళికి పిలిచినారు, దారిలో బస్సు మారేదానికి మాత్రం పర్మిషన్ తెచ్చుకోవాల."

"అంతే మేడమ్. రెండు నెలలు పట్టచ్చు."

"రెండు నెలలా? జూన్ నుంచి ఆడ తుఫాన్లు."

"మే నెలలో పోయి వచ్చేస్తారు. నేనున్నాను కదా."

నేనున్నాను కదా అనే మాట ట్రావెల్స్ వాళ్ళంతా అంటారు. ఈయన అంటే మాత్రం జాయ్స్‌కు టీ చల్లారేది తెలీలేదు.

మార్చిలో సెల్విన్ నోట్లో 'మేడమ్' పోయి 'జాయ్స్' వచ్చింది. హోటల్ మాత్రం తేలలేదు. ఒకదానికి బీచు దూరం. ఒకదానికి మెట్లు ఎక్కువ. ఒకదాంట్లో కప్పలు అరుస్తాయని ఎవరో రివ్యూ రాసినారు. జాయ్స్ ఫోన్‌లో రెండు నిమిషాల్లో మార్చుకోగలదు. ఆఫీసులో అట్లాంటి బటన్లు సరిగా పనిచేస్తాయా అని చూసేదే ఆమె ఉద్యోగం. అయినా ప్రతిసారీ షాపుకు వచ్చి, కుర్చీలో కూర్చొని, "హోటల్ మార్చాల" అనేది.

"మళ్ళీనా?" అనేవాడు సెల్విన్, కుర్చీ దగ్గరికి లాక్కుంటా. ఆ 'మళ్ళీనా'లో విసుగు వెతికినా దొరికేది కాదు.

ఇంట్లో ప్రేమరాజు మాత్రం నెమ్మదిగా వెనక్కి పోతా ఉన్నాడు. మొదట, "ఎండ ఎక్కువంట కదా" అన్నాడు. తర్వాత, "మీ అమ్మ ఒక్కతే ఎట్లా?" అన్నాడు. ఏప్రిల్ మధ్యలో ఒక రోజు టీవీ చూస్తా చూస్తా అనేసినాడు: "వద్దులే పాపా. అదిగో, టీవీలోనే చూపిస్తా ఉండారు కదా ఆ సముద్రం."

ఇరవై ఎనిమిదేళ్ళు విన్న కోరిక. ఆయన ఒక్కసారి సరే అన్నాడు. ఇప్పుడు పోకపోతే ఇంగ ఎప్పటికీ పోడు. ఆ సంగతి జాయ్స్‌కు బాగా తెలుసు.

*

మరుసటి శనివారం ఆమె షాపుకు పోయేసరికి సెల్విన్ టీ తెచ్చేదానికి పోయినాడు. కాగితాలు కుట్టే పిన్ను మెషిను కోసం సొరుగు లాగింది. పిన్ను మెషిను లేదు. ఒక కొరియర్ కవరు ఉంది. లోపల రెండు పాస్‌పోర్టులు, ఆమెదీ వాళ్ళప్పదీ. వీసాలు పడి ఉన్నాయి. కవరు మీద తేదీ మార్చి ఇరవై నాలుగు. ఈ పొద్దు ఏప్రిల్ పంతొమ్మిది.

రెండు టీ గ్లాసులతో సెల్విన్ గుమ్మంలోనే నిలబడిపోయినాడు.

"ఇది ఎప్పుడొచ్చింది?"

"మొన్న."

"మార్చి ఇరవై నాలుగు మొన్ననా?"

"జాయ్స్, ఒక్క నిమిషం."

"ఇరవై ఆరు రోజులైపోయినాయి. మీకు ఇంగా ఒక నిమిషం కావాలా? మా అప్ప వద్దంటా ఉండాడు. తెలుసా? మీరు వీసా రాలేదు, రాలేదు అని చెప్తా పోయినారు, ఆయన ధైర్యం అయిపోతా వచ్చింది. మీకు ఇది టైమ్‌పాస్."

"టైమ్‌పాస్ కాదు."

"మరేమి?"

సెల్విన్ నోరు తెరిచినాడు. అదే సమయానికి పక్క చికెన్ అంగడిలో ఒక కోడి, దానికేం కష్టం వచ్చిందో, గట్టిగా అరిచింది. సెల్విన్ నోరు మూసుకున్నాడు.

"టికెట్ బుక్ చేయండి," అనింది జాయ్స్. "ఇప్పుడే. నా ముందర."

మూడు నెలలు పట్టిన పని ఏడు నిమిషాల్లో అయిపోయింది. ప్రింటరు టికెట్లు కక్కింది. మే 14, 4:10.

"ఒక మాట," అన్నాడు సెల్విన్. "ఈ నాలుగూ పది అంటే..."

"నాకు చదువొచ్చు. టైమ్ చూసేది కూడా వచ్చు."

టికెట్లు బ్యాగులో పెట్టుకొని పోయింది. రెండు టీ గ్లాసులూ అట్లే ఉండిపోయినాయి. ఆ తర్వాత ఆయన ఫోన్ చేస్తే ఎత్తలేదు, మెసేజ్ పెడితే తెరవలేదు.

ఇంట్లో టికెట్లు టేబుల్ మీద కొట్టినట్టు పెట్టింది. "అప్పా, బుక్ అయిపోయింది. ఇంగ వద్దనేదానికి లేదు."

ప్రేమరాజు టికెట్లను చాలాసేపు చూసినాడు. వద్దనలేదు.

ఇసబెల్లా విషయమంతా విని, ఉల్లిపాయలు తరుగుతానే అడిగింది. "వాడు పాస్‌పోర్టులు ఎన్నాళ్ళు దాచినాడు?"

"దాదాపు నెల."

"నువ్వు హోటల్ ఎన్నిసార్లు మార్చినావు?"

జాయ్స్ ఫ్రిజ్ తలుపు తెరిచి లోపలికి చూస్తా నిలబడింది. అందులో కావాల్సింది ఏమీ లేదు.

*

వంటింటి క్యాలెండర్‌లో ప్రేమరాజు 13 చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టినాడు. పక్కన 'నైట్' అని రాసినాడు.

జాయ్స్ దాన్ని రబ్బరుతో చెరిపేసి 14 చుట్టూ చుట్టింది. "అప్పా, టికెట్‌లో 14 ఉండాది."

"నాలుగూ పది పొద్దుది కదా. నైట్ షిఫ్టు ఏ తేదీన ఎక్కుతుందో ఆ తేదీదే. హాజరు మస్టర్‌లో అట్లే రాస్తారు."

"గని మూసేసి ఎన్నేళ్ళైంది అప్పా. విమానాలకు మస్టర్ ఉండదు. 14 అంటే 14. ట్యాక్సీ కూడా 14 రాత్రికి చెప్పేసినాను."

ప్రేమరాజు కూతురి ల్యాప్‌టాప్ వైపు ఒకసారి చూసి, పెన్సిల్ జేబులో పెట్టుకున్నాడు.

మే 13 సాయంత్రం ఆకాశం నల్లబడి, గని మన్ను పోసిన సైనైడ్ దిబ్బల మీది నుంచి గాలి లేచి, టప టపా వాన మొదలైంది. జాయ్స్ ఇంటి నుంచే పని చేస్తా, ఐదున్నరకు ల్యాప్‌టాప్ మూసి, రేపటి ప్యాకింగ్‌కు లిస్టు రాసుకుందామని వాకిట్లోకి వచ్చింది.

ప్రేమరాజు చూరు కింద కుర్చీలో కూర్చొని ఉన్నాడు. ఈస్టర్‌కు వేసుకునే కోటు. పాలిష్ కొట్టిన బూట్లు. కాళ్ళ దగ్గర సర్దిన పెట్టె. రెండు చేతులకూ రెండు వాచీలు.

"అప్పా, ఏమిది? రేపు కదా."

"ఈ పొద్దే."

"అమ్మా, చూడు అప్పను," అని నవ్వుతా వంటింట్లోకి పోయింది. ఇసబెల్లా పులిహోర డబ్బాల్లో సర్దుతా ఉంది. "మీ అప్ప చెప్పినాడు. చేసేసినాను."

ఇద్దరికీ ఒకేసారి అర్థమయ్యేట్టు చెప్పాలని జాయ్స్ ఫోన్‌లో టికెట్ తెరిచి, వాళ్ళప్ప ముందు పెట్టి, గట్టిగా చదివింది. "మే 14. నాలుగూ పది. పొద్దున. అంటే రేపు పొద్దు..."

ఆమె అదే లైను మళ్ళీ చదివింది.

రేపు పొద్దున నాలుగూ పది. అంటే ఈ రాత్రే బయలుదేరాల. రేపు రాత్రి ట్యాక్సీ ఎక్కితే, అప్పటికి విమానం పోయి పదిహేడు గంటలు.

"నైట్ షిఫ్టు," అన్నాడు ప్రేమరాజు. అందులో గెలిచినట్టు ఏమీ లేదు. డ్యూటీకి పోయేవాడి మాట, అంతే.

జాయ్స్ ట్యాక్సీ అతనికి ఫోన్ చేసింది. అతను పెళ్ళి బాడుగకు తిరువణ్ణామలైలో ఉన్నాడు. ఇంకొకతను ఎత్తలేదు. మూడో నంబరు వెతుకుతుంటే వాకిట్లో గంట మోగింది. ఒక్కటి. కొట్టినోడు నిలబడినాడు.

గేటు దగ్గర సెల్విన్, వానలో తడుస్తా. వెనక ఇన్నోవా.

"మీరు నా ఫోన్ ఎత్తడం లేదు," అన్నాడు. "చెక్-ఇన్ పొద్దున నాలుగింటికే తెరుచుకుంది. మీరు చేయలేదు. కాఫీకి కూడా లిస్టు రాసే మనిషి చెక్-ఇన్ మరిచిపోదు. తేదీ తప్పుగా అనుకున్నారేమో అని అనుమానం వచ్చింది. కాకపోతే తిట్టండి, పోతాను."

జాయ్స్‌కు తిట్టాలనే ఉంది. గేటు గడి తీసింది.

"లోపలికి రాప్పా," అనింది ఇసబెల్లా. "దీని పెట్టె ఖాళీగా ఉండాది."

*

పెట్టె నిండేదానికి ముప్పావు గంట పట్టింది. మూసుకునేదానికి ఇంకో పావు గంట. చివరికి సెల్విన్ దాని మీద కూర్చున్నాడు, జాయ్స్ కింద మోకాళ్ళ మీద కూర్చొని జిప్పు లాగుతా ఉంది.

"నెల రోజులు ఎందుకు దాచినారు?"

"ఇచ్చేస్తే మీరు షాపుకు వచ్చేది లేదు కదా."

"ఫోన్ నంబరు ఉండాది కదా మీ దగ్గర."

"ట్రావెల్స్ వాడు ఫోన్ చేస్తే ఎవరెత్తుతారు? ఈ మూడు వారాలు చూసినాము కదా."

జిప్పు ఒక మూల దగ్గర ఇరుక్కుంది. జాయ్స్ దాన్నే చూస్తా ఉంది.

"నాదీ ఒక ప్రశ్న," అన్నాడు సెల్విన్. "హోటల్ ఆరుసార్లు ఎందుకు మార్చినారు?"

"రివ్యూలు బాగలేవు."

"ఆరోసారి మళ్ళీ మొదటి హోటలే బుక్ చేసినాము జాయ్స్."

జిప్పు సర్రుమని మూసుకుంది. జాయ్స్ నవ్వింది. ఈసారి దగ్గుగా మార్చలేదు.

"కప్పలు లేని హోటల్ అదొక్కటే," అనింది. కొంచెం ఆగి, "కానీ నువ్వు చేసింది తప్పే. అప్ప నిజంగా ఆగిపోయి ఉంటే నిన్ను జన్మలో చూసేదాన్ని కాదు."

సెల్విన్ ఆ 'నువ్వు' విన్నాడు. తల మాత్రం వంచుకున్నాడు. "తెలుసు. అంకుల్‌కు నేనే చెప్తాను."

"నాకు తెలుసులే," గుమ్మంలోంచి వినబడింది. ప్రేమరాజు. ఎంతసేపటి నుంచి నిలబడినాడో. "కొరియర్ అబ్బాయి మొదట నాకే ఫోన్ చేసినాడు. పాస్‌పోర్టులు షాపులో ఇచ్చినానన్నాడు. మార్చిలోనే."

జాయ్స్ తిరిగింది. "మరి చెప్పలేదే అప్పా?"

ప్రేమరాజు కోటు గుండీ సరి చేసుకున్నాడు. "మీకు ఇంకా కొన్ని శనివారాలు కావాల్సి వచ్చినాయి. నాకు ధైర్యం కావాల్సి వచ్చింది. ముగ్గురం కలిసి ఆపినాము. వాణ్ణి ఒక్కణ్ణే అంటే ఎట్లా?"

"ఇప్పుడు వచ్చిందా ధైర్యం?"

"నువ్వు ఆ టికెట్లు టేబుల్ మీద కొట్టినావు చూడు, అప్పుడే అనుకున్నా. అవతల బెల్లు కొట్టేసినారు. ఇంగ నేను ఆపకూడదు."

*

ఏడున్నరకు వాన తెరిపి ఇచ్చింది. పెట్టెలు బండిలోకి ఎక్కినాయి. పులిహోర ఎక్కింది. ఇసబెల్లా జాయ్స్ నుదుటి మీద చెయ్యి పెట్టి చిన్న ప్రార్థన చేసి, మొగుడి కోటు కాలరు దులిపి, గరిటె పట్టుకొని కిటికీ దగ్గర నిలబడింది, బదులు కొట్టేదానికి.

ప్రేమరాజు గంట తాడు పట్టుకోబోయినాడు.

"అంకుల్," అన్నాడు సెల్విన్. "ముందు నేను కొట్టచ్చా?"

"నువ్వెందుకు? నీకు టికెట్ లేదే."

సెల్విన్ తడిసిన చొక్కా సరి చేసుకొని, తాడు పట్టుకొని మూడు బెల్లు కొట్టినాడు. నిదానంగా, ఒకదానికొకటి దూరంగా, ఎవరో నేర్పించినట్టు. తర్వాత తాడు వదిలి, గడపకు ఇవతల, రెండు కాళ్ళూ దగ్గరికి పెట్టుకొని నిలబడినాడు.

"టికెట్ లేదంకుల్. ఎక్కడానికి తయారుగా ఉన్నానని చెప్పుకుంటా ఉండా. బార్బడోస్‌కు కాదు. ఈ ఇంట్లోకి. మీరు మూడు కొడితే కాలు పెడతాను. లేకుంటే ఇద్దరినీ ఎయిర్‌పోర్టులో దింపి, మళ్ళీ మీరొచ్చే రోజు తెచ్చి ఈడ వదిలి, నా దారిన నేను పోతాను."

చూరు నుంచి నీళ్ళు కారుతా ఉన్నాయి. ఇసబెల్లా చేతిలో గరిటె అట్లే ఆగింది.

ప్రేమరాజు కూతురి వైపు తిరిగినాడు. వైండర్ పనిలో మొదటి సూత్రం అది. కేజ్‌లో ఎవరున్నారో వాళ్ళు తయారా కాదా అని తెలియకుండా చెయ్యి కదపకూడదు.

"పాపా?"

జాయ్స్ చెప్పాలనుకున్న మాటలు చాలా ఉన్నాయి. వాటికి పదకొండు కాలమ్స్ కూడా చాలవు. "తయారే అప్పా," అనింది.

ప్రేమరాజు లోపలికి పోయి పెళ్ళాం చేతిలోంచి గరిటె తీసుకున్నాడు. కిటికీ ఊచ మీద కొట్టినాడు.

ఒకటి.

ఒకటి అంటే ఆగు అని.

రెండు.

రెండు అంటే దించు అని. సెల్విన్ గుండె గని షాఫ్టులోకి దిగుతా ఉండేది జాయ్స్‌కు ఈడ నుంచే కనబడింది. వాళ్ళప్ప గరిటె గాలిలో పట్టుకొని, దాన్ని ఒకసారి చూసుకొని, ఊచను ఒకసారి చూసి, ఊపిరి తీసుకున్నాడు.

మూడు.

"అంత నిదానమా?" అనింది ఇసబెల్లా, కొంగుతో కళ్ళు తుడుచుకుంటా. "ఆ పిల్లోడు ఇంకొంచెం ఉంటే పడిపోయేవాడు."

"మనుషులను ఎక్కించేటప్పుడు నిదానమే," అన్నాడు ప్రేమరాజు. గరిటె ఆమెకు ఇచ్చేసి, సెల్విన్‌తో అన్నాడు. "ఊఁ, కాలు పెట్టు. ఒక్కసారి లోపలికి వచ్చి, నీళ్ళు తాగి, బండి తియ్యి. తల తుడుచుకో. జలుబు చేస్తుంది."

సెల్విన్ గడప దాటి లోపలికి వచ్చినాడు. జాయ్స్ తువ్వాలు ఇచ్చింది. ఇచ్చేటప్పుడు ఇద్దరూ దాని చెరో కొస పట్టుకొని, అవసరానికి మించి కొంచెంసేపు నిలబడినారు.

తర్వాత ప్రేమరాజు తాను కొట్టాల్సిన మూడు బెల్లు కొట్టినాడు. లోపల నుంచి ఇసబెల్లా మూడు కొట్టింది. ఈసారి మూడోది మరిచిపోలేదు. ముప్పై ఏళ్ళుగా అందరినీ పంపించిన మనిషి, గేటు దాటి, బండి ముందు సీట్లో ఎక్కి కూర్చొని, బెల్టు పెట్టుకొని, అది పడిందా లేదా అని రెండుసార్లు లాగి చూసుకున్నాడు.

బండి కదిలింది. తడి రోడ్డు మీద ఆండర్సన్‌పేట దీపాలు వెనక్కి పోతా ఉన్నాయి. వెనక సీట్లో జాయ్స్, అద్దంలో సెల్విన్ కళ్ళు కనబడేట్టు కొంచెం జరిగి కూర్చుంది.

"పన్నెండు రోజులు," అన్నాడు సెల్విన్ అద్దంతో. "శనివారాలు రెండు పోతాయి."

"ఫోన్ చెయ్యి. ఎత్తుతాను."

ప్రేమరాజు కుడిచేతి వాచీ దీపాల వెలుతురులో పైకెత్తి చూసుకున్నాడు. అది నిన్నటి నుంచే బార్బడోస్ టైమ్‌లో నడుస్తా ఉంది. పదీ పావు.

"ఆడ ఎండ కాస్తా ఉంటాది," అన్నాడు.